ఫీనిక్స్ వాలెట్: డబ్బు తీసుకునేవాళ్ల గుట్టు ఎంతవరకు నిలుస్తుంది?

లైట్నింగ్‌లో (బిట్‌కాయిన్‌ని చకచకా పంపుకునే నెట్‌వర్క్) బిట్‌కాయిన్ పంపేవాడికి తన గుట్టు గురించి మొదటినుంచీ పెద్దగా బెంగ లేదు. ఆనియన్ రౌటింగ్ (ఉల్లిపొరల్లా పొరలుపొరలుగా ఎన్‌క్రిప్ట్ చేసి పంపడం) కాబట్టి దారిలో ఉన్న ఒక్కో నోడ్‌కీ, అంటే డబ్బుని చేరవేసే ఒక్కో కంప్యూటర్‌కీ, తనకు ముందెవరో తర్వాత ఎవరో తప్ప ఇంకేం తెలియదు. చిక్కంతా తీసుకునేవాడికే. ఎల్‌ఎన్‌బీసీ (lnbc) అనే అక్షరాలతో మొదలయ్యే పాతరకం ఇన్‌వాయిస్, అంటే డబ్బు అడిగే కోడ్, ఇస్తే అందులో మన నోడ్ ఐడీ బయటపడుతుంది, ఇద్దరు వేర్వేరు మనుషులు తమ దగ్గరున్న ఇన్‌వాయిస్‌లు పక్కపక్కన పెట్టి చూసుకుంటే చాలు, రెండూ ఒకడివేనని తేలిపోతుంది. కిరాణా కొట్టు యూపీఐ క్యూఆర్ స్కాన్ చేయగానే బ్యాంకులో ఉన్న పేరు కనబడ్డట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ పేరు బదులు నంబరు.

ఫ్రాన్స్ కంపెనీ అసింక్ చేసిన ఫీనిక్స్ అనే లైట్నింగ్ వాలెట్ యాప్ నాకు నచ్చింది ఇక్కడే. 2024లో లైట్నింగ్ ప్రమాణాల్లో చేరిన బోల్ట్ 12 అనే కొత్త పద్ధతిని ఇది వాడుతుంది. ఎల్‌ఎన్‌ఓ (lno) తో మొదలయ్యే బారెడు కోడ్ ఇస్తుంది, దాన్ని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. దారిలో చివరి భాగాన్ని మన వాలెట్టే ముందుగా తయారుచేసి ఎన్‌క్రిప్ట్ చేసి ఇస్తుంది కాబట్టి పంపేవాడికి అసింక్ నోడ్ వరకే కనబడుతుంది. వీడు ఫీనిక్స్ వాడుతున్నాడని తెలుస్తుందేమో గానీ, నోడ్ ఐడీ చేతికి చిక్కదు. అలాగని అదే కోడ్‌ని సొంత పేరుతో ఒకచోట, మారుపేరుతో ఇంకోచోట అంటించారంటే మీ గుట్టు మీరే విప్పుకున్నట్టు.

మరి అసింక్ కంపెనీ నుంచి గుట్టు దాగుతుందా? ఆ ఆశ పెట్టుకోకండి. మన ఛానెల్ (డబ్బు వచ్చిపోయే లంకె) వాళ్లతోనే, వచ్చే ప్రతి పైసా వాళ్ల నోడ్ దాటే రావాలి, ఎంత వచ్చిందో ఎప్పుడు వచ్చిందో వాళ్లకు తెలుస్తుంది. టోర్ (మనం ఎక్కణ్నుంచి కనెక్ట్ అయ్యామో దాచే నెట్‌వర్క్) ఆన్ చేస్తే ఐపీ అడ్రస్ దాగుతుంది, అంతే. కంపెనీకి ఇదంతా తెలియడమే వద్దనుకుంటే కోర్ లైట్నింగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో సొంత నోడ్ పెట్టుకోవాలి, ఆ తలనొప్పి అందరి వల్లా కాదు.

ఖర్చు సంగతి: పంపడానికి 0.4 శాతం, పైన 4 సాట్లు (ఒక సాట్ అంటే బిట్‌కాయిన్‌లో పదికోట్లో వంతు). తీసుకునేటప్పుడు ఛానెల్‌లో చోటు చాలకపోతే 1 శాతంతో పాటు మైనింగ్ ఫీజు (బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌కి కట్టేది) పడుతుంది. చిన్నచిన్న విరాళాలు తీసుకునేవాళ్లు మొదట్లోనే కాస్త పెద్ద మొత్తానికి చోటు కొనుక్కోవడం మేలు.

నా లెక్కలో 5కి 4 స్టార్లు. ఒకటి ఎందుకు కోశానంటే, ఎల్‌ఎన్‌ఓ కోడ్‌ని చదవలేని వాలెట్లు ఇంకా బోలెడు. అవతలివాడు ‘మామూలు ఇన్‌వాయిస్ పంపండి బ్రో’ అన్నాడంటే మళ్లీ ఎల్‌ఎన్‌బీసీయే గతి.