విడిచిన బట్టలతో నాలుగేళ్ళు

ఇవాళ బడికి కట్టుకెళ్ళింది మంగళగిరి నూలు చీర. ఆకుపచ్చ రంగు, మెరూన్ అంచు, అంచు పొడుగునా సన్నటి జరీ. 2022 జనవరిలో 250 రూపాయలకు కొన్నాను. నాకంటే ముందు ఎవరో కట్టిన చీర. ఆవిడెవరో నాకు తెలియదు గానీ, బాగా చూసుకుందని మాత్రం పట్టుకోగానే తెలిసింది. కొత్త మంగళగిరి చీర కాస్త బిరుసుగా ఉంటుంది, నాలుగైదు ఉతుకులు పడేదాకా చెప్పిన మాట వినదు. ఇది మొదటి రోజే కుచ్చిళ్ళు పోస్తుంటే చేతికి లొంగింది. నేను కట్టడం మొదలుపెట్టి నాలుగేళ్ళు కావస్తోంది. కొంగు చివర రెండు చోట్ల దారం లేచింది, మెరూన్ కొద్దిగా వెలిసింది. అంతే.

నావి, మా ఆయనవి, పాపవి కలిపి మా ఇంట్లో బట్టల్లో ముప్పాతిక వంతు ఇలాంటివే. లోదుస్తులు, సాక్సులు, చెప్పులు, పాప యూనిఫాం మాత్రం కొత్తవి కొంటాం. తోటి టీచర్లు, చుట్టాలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, పాతవి నిజంగా నిలుస్తాయా, ఒంటి మీద వేసుకోవడానికి మనసెలా ఒప్పుతుంది అని. ఒక నెల వాడి చెప్పే జవాబు కాదది. అందుకే ఇన్నాళ్ళు ఆగి రాస్తున్నాను.

మొదలుపెట్టింది ఇష్టపడి కాదు. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. కరోనాలో బళ్ళు మూతపడ్డాక కొన్నాళ్ళు సగం జీతం వచ్చింది, తర్వాత అదీ ఆగింది. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంది. ఆ బియ్యం మీద ఇల్లు గడిచిన రోజులున్నాయి. సెప్టెంబరు 1న బళ్ళు తెరుస్తారని తెలిశాక బీరువా తీసి చూస్తే బడికి కట్టుకెళ్ళదగ్గ చీరలు మూడే కనబడ్డాయి. పూర్తి జీతం ఎప్పటికొస్తుందో తెలియనప్పుడు కొత్త చీర కొనడానికి ధైర్యం చాలలేదు. బళ్ళు తెరిచే ముందు ఆదివారం మెట్రో ఎక్కి ఎర్రగడ్డ వెళ్ళాను.

ఆదివారం ఎర్రగడ్డ అంగడి చూడనివాళ్ళకు కాస్త చెప్పాలి. పొద్దున్నే రోడ్డు పక్కన టార్పాలిన్లు పరుస్తారు. పాత మిక్సీలు, సైకిల్ చక్రాలు, ఛార్జర్లు, స్పానర్లు, వాటి మధ్య బట్టల కుప్పలు. "ఏదైనా యాభై, ఏదైనా యాభై" అని అరుపులు. మూతికి మాస్కు ఉంది కాబట్టి తెలిసినవాళ్ళు ఎదురైనా గుర్తుపట్టరన్న ధైర్యంతో ఒక కుప్ప దగ్గర కూర్చున్నాను. నా పక్కన ఒక పెద్దావిడ చీరలు ఏరుతోంది. తొందరేమీ లేదు. ఒక్కో చీరనూ రెండు చేతులతో విప్పి పట్టుకుని ఎండకెత్తి చూసి, కొన్ని ఒళ్ళో పెట్టుకుంటోంది, కొన్ని కుప్పలోకి విసిరేస్తోంది. నేను రంగు నచ్చి ఒక చీర తీశాను. ఆవిడ నా వంక చూసి, "అది వద్దు బిడ్డా, మడతల కాడ పల్చబడ్డది" అంది. ఎండకెత్తి చూశాను. నిజమే, మడత గీత వెంబడి వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వచ్చింది. ఆ పూట ఆవిడ పక్కనే గంటసేపు కూర్చున్నాను. నాకు బట్ట చూడటం నేర్పింది ఆవిడే.

కొత్త బట్ట గురించి కొట్లో మనకేం తెలుస్తుంది? గంజి బిరుసు, లైట్ల కింద మెరుపు తెలుస్తాయి. రంగు దిగుతుందో, ముడుచుకుపోతుందో, చంకల్లో పిగులుతుందో ఇంటికొచ్చి మూడు ఉతుకులు పడితే గానీ బయటపడదు. పాత బట్ట ఆ పరీక్షలన్నీ రాసేసి మన దగ్గరికి వస్తుంది. దిగాల్సిన రంగు దిగిపోయింది, ముడుచుకోవాల్సినంత ముడుచుకుంది. అయినా గట్టిగా ఉందంటే ఇంకొన్నేళ్ళు ఉంటుందని నమ్మొచ్చు. కొన్న ప్రతిదీ పుస్తకంలో రాసుకునే అలవాటు నాకు. ఈ నాలుగేళ్ళలో నాకోసం 31 బట్టలు కొన్నాను. అందులో 22 ఇప్పటికీ కడుతున్నాను. అంతకు ముందు పండగ తగ్గింపుల్లో కొన్న కొత్త కుర్తీలు రెండేళ్ళు దాటినవి తక్కువ.

అయితే చూడాల్సిన చోట చూడాలి. చొక్కాకు కాలరు మడత, కఫ్ అంచులు. కుర్తీకి చంకలు. ప్యాంటుకు తొడల లోపలి వైపు, జిప్పు. చీరకు మడత గీతలు, ఆ తర్వాత కుచ్చిళ్ళ కింద అంచు, ఎందుకంటే నేలకు రాసుకునేది అక్కడే. ఫాల్ కుట్టి ఉన్న చీరైతే నాకు ఇంకా ఇష్టం. ఒక మూల రెండు కుట్లు విప్పి ఫాల్ కిందికి తొంగిచూస్తే చీర పుట్టినప్పటి రంగు అక్కడ దాక్కుని ఉంటుంది. ఆ రంగుకీ పైరంగుకీ ఎంత తేడా ఉందో చూస్తే చీర వయసు తెలిసిపోతుంది.

గద్వాల చీర దొరికితే ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే అతుకు దగ్గర రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగి చూడాలి. అక్కడ పోగులు జరిగితే చీర ఎంత అందంగా ఉన్నా వదిలేయాల్సిందే. పోచంపల్లి అని చెబితే తిరగేసి చూడండి. ఇక్కత్‌లో నూలుకే ముందు ముడులు వేసి రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు సన్నగా చెదిరినట్టు కనిపిస్తాయి. వెనక వైపు వెలవెలబోతుంటే అది అచ్చు వేసింది. అమ్మేవాళ్ళు అన్నిటినీ "కాటన్" అనే అంటారు. వాళ్ళనీ తప్పుపట్టలేం, వాళ్ళకూ తెలియదు. నేను అంచు నుంచి ఒక పోగు లాగి ఇంటికొచ్చి వెలిగిస్తాను. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడైపోతుంది. పట్టయితే వెంట్రుక కాలిన కమురు వాసన. పాలిస్టరైతే కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. హైదరాబాద్ ఏప్రిల్ ఎండల్లో ఫ్యాను తిరగని క్లాసులో నిలబడి పాఠం చెప్పేవాళ్ళకు ఈ తేడా చిన్నది కాదు.

ఇంటికి తెచ్చిన బట్ట నేరుగా బీరువాలోకి వెళ్ళదు. మూతి బిగించిన సంచిలో నాలుగు రోజులు బాల్కనీలో ఉంటుంది. గజ్జి పురుగు మనిషి ఒంటి మీద లేకపోతే రెండు మూడు రోజులకు మించి బతకదు. నల్లులు అలా చావవు, వాటికి వేడి తగలాలి. అందుకని నూలు బట్టల్ని బాగా వేడి నీళ్ళలో నానబెట్టి ఉతికి, తిరగేసి మంచి ఎండలో ఆరేస్తాను. పట్టుకు వేడినీళ్ళు పనికిరావు, కుంకుడు రసంతో చన్నీళ్ళలో ఉతికి నీడన ఆరేయడమే. ఈ ఓపిక లేనివాళ్ళకు నేను పాత బట్టలు కొనమని చెప్పను.

ఇంకో సంగతి, చాలామంది లెక్కలోకి తీసుకోనిది. ఇందులో అసలు ఖర్చు కుట్టుపనిది. 80 రూపాయల చొక్కాకు 60 రూపాయల కుట్టు అవుతుంది. మంచి టైలర్ దొరక్కపోతే పాత బట్ట పాత బట్టలాగే కనిపిస్తుంది. మా వీధి చివర చిన్న గదిలో ఒక టైలర్ భాయ్ ఉన్నారు. మా ఆయన నీలిగీతల చొక్కా కాలరు మడత దగ్గర అరిగి పోగులు లేచాయి. తీసుకెళ్ళి "భాయ్, కాలరు తిప్పి కుడతారా?" అని అడిగాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, "ఈ పని అడిగి చాలా ఏళ్ళయింది మేడమ్" అని బ్లేడు తీసుకున్నారు. కాలరు కుట్లు ఒక్కొక్కటీ తెంపి, కాలరు ఊడదీసి, బోర్లించి, మధ్య గుర్తు సరిచూసుకుని, మళ్ళీ పట్టీలోకి దూర్చి కుట్టారు. అరిగిన వైపు మెడ కిందికి వెళ్ళిపోయింది, ఎండ తగలని వైపు పైకొచ్చింది. మా నాన్న చొక్కాలకు తెనాలిలో మా అమ్మ చేయించిన పనే ఇది. చిన్నప్పుడు అదేదో పేదరికపు గుర్తు అనుకునేదాన్ని. ఆ రోజు గదిలో నిలబడి చూస్తుంటే ఆ పనిలో ఎంత నేర్పు ఉందో అర్థమైంది. చొక్కా ఇంకా వాడుతున్నారు.

నష్టపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఫోన్లో ఒక యాప్‌లో ఫొటోలు చూసి 1,800 పెట్టి పట్టుచీర తెప్పించాను. డబ్బా తెరవగానే కలరా ఉండల వాసన. వారం రోజులు గాలికి వేశాక వాసన పోయింది. చుట్టాల గృహప్రవేశంలో పీట మీద కూర్చోగానే మోకాలి దగ్గర చప్పుడొచ్చింది. మడత గీత పొడుగునా పట్టు పిగిలిపోయింది. ఏళ్ళ తరబడి ఒకే మడతలో బీరువాలో ఉండిపోయిన పట్టుకు అలా జరుగుతుంది. యాప్ వాళ్ళు వెనక్కి తీసుకోం అన్నారు. ఆ ఖర్చు చాలా రోజులు మనసులో మెదిలింది. అప్పటి నుంచి చేత్తో పట్టుకోకుండా పట్టు కొనను. స్ట్రెచ్ జీన్సులు కూడా వద్దు. వాటిలోని సాగే దారం చచ్చిపోయాక మోకాళ్ళ దగ్గర సంచుల్లా వేలాడతాయి, ఏ టైలరూ బాగుచేయలేడు. బూట్లు ఒకే ఒకసారి కొన్నాం, మా ఆయనకు. పైన చక్కగా ఉన్నాయి, రెండోసారి వేసుకున్నప్పుడు అడుగు పొడిపొడిగా రాలిపోయింది.

అన్నిటికంటే కష్టమైంది ఇంట్లో. మా అత్తయ్యకు ఒకరు విడిచిన బట్ట అంటే గిట్టదు. "ఎవరిదో, ఏ ఇంట్లోంచి వచ్చిందో, పోయినవాళ్ళదైతే?" అని భయం. ఆ మాటను నేను కొట్టిపారేయలేదు. ఆవిడ పెరిగిన ఇంట్లో విడిచిన బట్టకు మైల ఉంది, దాన్ని ఒక్క రోజులో వదిలెయ్యమనడం న్యాయం కాదు. ఆవిడ కోసం ఎప్పుడూ ఏమీ తేలేదు, ఆవిడ బట్టలతో కలిపి ఉతకలేదు. రెండేళ్ళ కిందట నేను పాత నేత చీర ఒకటి దులిపి ఆరేస్తుంటే వచ్చి కొస పట్టుకున్నారు. కాసేపు వేళ్ళతో నలిపి, "మెత్తగా ఉందమ్మా. పాప పుట్టినప్పుడు చుట్టింది ఇట్టాంటిదే కదా" అన్నారు. నిజమే. పురిటి గదిలో పాపను మొదట చుట్టింది అత్తయ్య పాత చీర ముక్కలోనే. బాలసారె దాకా కొత్త బట్ట తగలనివ్వంది కూడా ఆవిడే. ఇప్పటికీ ఆవిడ ఇవేవీ కట్టరు. కానీ దులిపేటప్పుడు రెండో కొస పట్టుకుంటారు.

తృప్తి గురించి అడుగుతారు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. మొదటి ఏడాది తృప్తి లేదు, సర్దుకుపోవడం మాత్రమే ఉంది. దసరాకు కొట్ల ముందు నుంచి నడుస్తుంటే కళ్ళు అటే పోయేవి. ఒక పెళ్ళిలో నా పోచంపల్లి చీర చూసి ఒకావిడ ఎక్కడ కొన్నావని అడిగితే ఎర్రగడ్డ అంగడిలో అని చెప్పాను. ఆవిడ మాట మార్చేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత ఎప్పుడో, ఫలానా రోజు అని చెప్పలేను, ఆ లాగుడు తగ్గిపోయింది. బీరువాలో ఉన్న ప్రతి చీరా నేను ఎండకెత్తి చూసి ఎంచుకున్నదే. దేని బలం ఎంతో, దేని లోపం ఎక్కడుందో తెలుసు. పొద్దున బీరువా తీస్తే ఏం కట్టుకోవాలో అర నిమిషంలో తేలిపోతుంది. నలుపు, మెరూన్, గోధుమరంగు, ముదురాకుపచ్చ, ఈ నాలుగు జాకెట్లతో అన్ని చీరలూ నడిచిపోతాయి. "కొత్తొక వింత, పాతొక రోత" అంటారు. నాకు ఇప్పుడు కొత్త మీద కోరిక పోలేదు గానీ పాత మీద రోత పూర్తిగా పోయింది.

కొత్తది అసలే కొననని కాదు. అందరం పాతవే కొంటే మగ్గం మీద కూర్చున్నవాళ్ళు ఏం తినాలి? ఈ ప్రశ్న నన్ను నిజంగానే తొలిచింది. అందుకని మిగిలిన డబ్బులోంచి ఏడాదికి ఒక్కటి, సంక్రాంతికి అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు, ఆప్కోలో గానీ మంగళగిరిలో నేసేవాళ్ళ దగ్గర గానీ కొత్త నేత చీర కొంటాను, బేరమాడకుండా. పాపకు పండక్కి కొత్త గౌను తప్పదు, అందులో నేను రాజీపడను. ముగ్గురి బట్టలకు అంతకు ముందు ఏడాదికి 18,000 దాకా అయ్యేది. ఇప్పుడు కుట్టుకూలి, ఆ కొత్త చీర కలిపినా 8,000 దాటడం లేదు.

మా వీధిలోకి నెలకోసారి స్టీలు సామాన్ల ఆవిడ వస్తుంది, పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆవిడ. చిన్నప్పుడు అమ్మ మూడు చీరలిచ్చి ఒక బేసిన్ తీసుకోవడం చూసేదాన్ని. అవన్నీ ఎక్కడికి పోయేవో ఇప్పుడు తెలుసు. ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్ళీ ఇలాంటి కుప్పల్లోకే చేరేవి. ఇక కట్టలేననుకున్నవి నేనూ ఆవిడకే ఇస్తాను. మొన్న ఆదివారం మాసిన చొక్కాలు రెండు, పాత కుర్తీ ఒకటి ముందు పెట్టాను. ఆవిడ వాటిని పక్కన పెట్టి బాల్కనీ తీగ మీదికి చూసింది. అక్కడ ఆకుపచ్చ మంగళగిరి చీర ఆరుతోంది. లేచి వెళ్ళి కొంగు పట్టుకుని ఎండకెత్తి చూసింది.

"అక్కా, ఇది ఇయ్యి. ఈ పెద్ద డబ్బా ఇస్తా, మూతతోటి."

ఇవ్వనన్నాను. చొక్కాలకు, కుర్తీకి కలిపి ఒక చిన్న గిన్నె ఇచ్చి వెళ్ళింది. నేను చీర తీసి గంజి పెట్టాను.