యార్క్‌షైర్ టెరియరా, జాక్ రసెల్ టెరియరా?

రెండూ ఇంగ్లండ్‌లో పుట్టిన చిన్న కుక్క జాతులే. చేసిన పని మాత్రం వేరు: 19వ శతాబ్దంలో యార్కీ (యార్క్‌షైర్ టెరియర్ ముద్దుపేరు) మిల్లుల్లో ఎలుకలు పట్టింది, జాక్ రసెల్ బొరియల్లోని నక్కల్ని బయటికి తరిమింది.

బరువు: యార్కీ సుమారు 3 కిలోలు, జాక్ రసెల్ 5-6 కిలోలు.

బొచ్చు: యార్కీది మన జుట్టులా పెరుగుతూనే ఉంటుంది. రోజూ దువ్వాలి, చెవుల వెనక చిక్కులు విప్పాలి, తరచూ కత్తిరించాలి. ఖర్చంతా ఇక్కడే. జాక్ రసెల్‌ను వారానికోసారి దువ్వితే చాలు, కానీ ఇల్లంతా వెంట్రుకలు రాలుస్తుంది.

వ్యాయామం: యార్కీకి అరగంట నడక సరిపోతుంది. జాక్ రసెల్‌కు రోజూ గంటకు పైగా పరుగు, ఆట కావాలి. అవి దొరక్కపోతే పెరట్లో మొక్కలు వేళ్లతో సహా బయటికొస్తాయి. అల్లరి అనుకుని కొట్టకండి. తవ్వడం దానికి పుట్టుకతో వచ్చిన బుద్ధి.

ప్రమాదం: యార్కీ శ్వాసనాళం సున్నితం. మెడపట్టీ పట్టి లాగితే పొడి దగ్గు మొదలవుతుంది, ఛాతీకి తొడిగే హార్నెస్ కొనాల్సిందే. పళ్లు కూడా త్వరగా పాడవుతాయి. జాక్ రసెల్ గట్టిదే గాని, ఉడుత కనిపిస్తే ఎంత పిలిచినా వెనక్కి రాదు.

అపార్ట్‌మెంట్‌లో ఉండే పెద్దవాళ్లకు యార్కీ మేలు. ప్రహరీ ఉన్న ఇల్లు, పరుగెత్తే ఓపిక, ఎదిగిన పిల్లలు ఉంటే జాక్ రసెల్. పసిపిల్లలున్న ఇంట్లో యార్కీ వద్దే వద్దు, చేతిలోంచి జారిపడితే కాలు విరుగుతుంది.