రెండు మైక్రోఎస్‌డీ కార్డులు, లెక్కలేనన్ని ఫార్మాట్లు: చాలాకాలం వాడాక నా సమీక్ష

ఈ సమీక్ష రెండు మెమరీ కార్డుల గురించి, వాటితో పాటు నేను వాడుతూ వచ్చిన ఫార్మాటింగ్ ప్రోగ్రామ్ గురించి. మొదటిది 32 జీబీ, క్లాస్ 10 (సెకనుకు కనీసం 10 ఎంబీ రాయగల) కార్డు. పాత ఫోనులో మొదలై, పాటలు వినే చిన్న ప్లేయర్‌లోకి వెళ్లి అక్కడే ప్రాణం విడిచింది. రెండోది 128 జీబీ, యాప్‌లు నడపడానికి పనికొస్తుందని చెప్పే ఎ1 గుర్తు ఉన్నది. ఫోను, ట్యాబ్లెట్, ఇప్పుడు చేతిలో పట్టుకుని ఆడే గేమ్ పరికరం, ఇలా మూడు చోట్లా తిరిగి ఇంకా బాగానే ఉంది. కంపెనీ పేర్లు రాయడం లేదు. ఇక్కడ చెప్పేదాంట్లో చాలా భాగం ఏ కంపెనీ కార్డుకైనా వర్తిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కార్డు మొరాయించగానే ‘ఫార్మాట్ కొట్టు, అదే బాగవుతుంది’ అనే సలహా సగమే నిజం. ఫార్మాట్ బాగుచేసేది కార్డును కాదు, కార్డు మీద ఉండే పట్టికను. ఏ ఫైలు ఎక్కడ ఉందో రాసి ఉండే ఆ పట్టిక చెడిపోతే ఫార్మాట్‌తో అంతా సర్దుకుంటుంది. లోపలి ఫ్లాష్ మెమరీ అరిగిపోయినా, కాంటాక్టులు సరిగా తగలకపోయినా, అసలు కార్డే నకిలీదైనా, ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఒరిగేదేమీ ఉండదు. పైగా లోపలున్న ఫోటోలు రాబట్టుకునే అవకాశం కూడా చేజారుతుంది.

కొత్త కార్డు చేతికి రాగానే నేను చేసే మొదటి పని ఫార్మాట్ కాదు, పరీక్ష. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. రెండూ కార్డును అంచు దాకా డేటాతో నింపి, మళ్లీ మొత్తం చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని సరిచూస్తాయి. సెకనుకు 20 ఎంబీ చొప్పున రాసినా 128 జీబీ నిండటానికి దాదాపు రెండు గంటలు పడుతుంది, చదవడానికి పట్టేది అదనం. విసుగే, కానీ నకిలీ కార్డును పట్టుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు. నకిలీ కార్డులో లోపల ఉండేది 8 జీబీయో 16 జీబీయో. కార్డును నడిపించే చిప్‌కి, అంటే కంట్రోలర్‌కి మాత్రం 128 అని అబద్ధం చెప్పడం నేర్పి పెడతారు. అసలు సామర్థ్యం దాటాక రాసినవి పాతవాటి మీదే పడతాయి, లేదా గాల్లో కలుస్తాయి. ఫైళ్ల పేర్లు, సైజులు ఉండే పట్టిక కార్డు మొదట్లో నిజమైన మెమరీ మీదే ఉంటుంది కాబట్టి లిస్టులో అన్నీ చక్కగా కనిపిస్తాయి. తెరిస్తేనే బండారం బయటపడేది. అలాంటి కార్డును ఫార్మాట్ చేస్తే మళ్లీ కొత్తదానిలా కనిపిస్తుంది, మళ్లీ అదే చోట చెడుతుంది. ‘ఫార్మాట్ చేస్తే కొన్నాళ్లు బాగుంటోంది, తర్వాత మామూలే’ అని ఎవరైనా అంటే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే.

128 జీబీ కార్డు పెట్టినప్పుడు పరికరం 119 జీబీ చూపిస్తే మాత్రం కంగారు పడక్కర్లేదు. కార్డు చేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, చాలా పరికరాలు 1024 చొప్పున లెక్కిస్తాయి. తేడా అంతే.

ఇక ఫార్మాట్. కార్డును ఎందులో వాడబోతున్నామో అందులోనే ఫార్మాట్ చేయడం నాకు ఇప్పటిదాకా ఇబ్బంది పెట్టని పద్ధతి. గేమ్ పరికరం తనకు కావలసిన ఫోల్డర్లు తనే పెట్టుకుంటుంది, ఫోను తనకు చదవడం వచ్చిన ఫైల్ సిస్టమే (ఫైళ్లను పట్టికలో రాసుకునే పద్ధతి) ఎంచుకుంటుంది. పరికరంలో ఆ సదుపాయం లేకపోతేనో, పరికరం కార్డును గుర్తే పట్టకపోతేనో కంప్యూటర్ దగ్గరికి వెళ్తాను. అక్కడ నేను వాడేది ఎస్‌డీ అసోసియేషన్ వాళ్లే ఇచ్చే ఎస్‌డీ మెమరీ కార్డ్ ఫార్మాటర్. 2000లో పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కలిసి పెట్టిన ఈ సంస్థే ఎస్‌డీ కార్డుల ప్రమాణాలు నిర్ణయిస్తుంది. ప్రోగ్రామ్ ఉచితం, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది.

అందులో నాకు నచ్చింది ప్రశ్నలు అడగకపోవడం. 2 జీబీ దాటి 32 జీబీ వరకు ఫ్యాట్32, అది దాటితే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ అని ప్రమాణం ఏం చెబుతుందో అదే పెడుతుంది. ఫ్లాష్ మెమరీలో చెరపడం పెద్ద పెద్ద బ్లాకుల్లోనే జరుగుతుంది. ఫైల్ సిస్టమ్ హద్దులు ఆ బ్లాకుల హద్దులతో కలవకపోతే ఒక్క రాతకు రెండు బ్లాకులు కదిలించాల్సి వస్తుంది. ఈ ప్రోగ్రామ్ ఆ హద్దులు కలిసేలా చూస్తుంది. 32 జీబీ కార్డును ఒకప్పుడు కంప్యూటర్‌లో ఎడాపెడా పార్టిషన్లు చేసి, తర్వాత ప్లేయర్‌లో పెడితే పాటలు ఎక్కించడం నత్తనడకన సాగింది. దీంతో ఫార్మాట్ చేశాక కోలుకుంది. మరీ కొత్తదానంత వేగం రాలేదు గానీ, తేడా కంటికి కనిపించింది.

నచ్చనిది కూడా అదే గుణం. 64 జీబీ కార్డును ఫ్యాట్32 చేయాలంటే ఒప్పుకోదు. పాత ప్లేయర్లు, పాత ఫోన్లు చాలావాటికి ఎక్స్‌ఫ్యాట్ చదవడం రాదు. డబ్బా మీద ‘32 జీబీ వరకే’ అని రాసి ఉన్న పరికరాల్లో కొన్ని, పెద్ద కార్డును ఫ్యాట్32 చేసి పెడితే చక్కగా తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. విండోస్‌లో మామూలు ఫార్మాట్ విండో కూడా 32 జీబీ దాటితే చాలాకాలంగా ఫ్యాట్32 చూపించదు. అది మైక్రోసాఫ్ట్ పెట్టిన హద్దే తప్ప ఫైల్ సిస్టమ్‌ది కాదు. విడిగా దొరికే ఫ్యాట్32 ప్రోగ్రాములతో పని అవుతుంది. అయితే ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. పాటలకు ఏ ఇబ్బందీ లేదు, పొడుగాటి వీడియోలకు మాత్రం ఇదే అడ్డం. కార్డులో బోలెడంత చోటు ఉన్నా ‘చోటు చాలదు’ అని కాపీ ఆగిపోతే ముందు చూడాల్సింది ఆ ఫైలు సైజు.

ఎక్స్‌ఫ్యాట్‌కీ ఒక చిక్కు ఉంది. పెద్ద కార్డు మీద విండోస్ మామూలుగా 128 కేబీ ముక్కలతో ఫార్మాట్ చేస్తుంది. 5 కేబీ ఫైలైనా 128 కేబీ మింగేస్తుంది. గేమ్ పరికరంలో వేలకొద్దీ చిన్న బొమ్మల ఫైళ్లు పెట్టినప్పుడు, ఫైళ్ల మొత్తం కొంచెమే ఉన్నా కార్డులో వాడిన చోటు దానికి ఎన్నో రెట్లు కనిపించింది. చిన్న ఫైళ్లే ఎక్కువ అనుకుంటే ఫార్మాట్ చేసేటప్పుడే ముక్క సైజు 32 కేబీకి తగ్గించుకోవచ్చు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంకో మాట. 2015లో వచ్చిన 6.0 వెర్షన్ నుంచి కార్డును ‘ఇంటర్నల్ స్టోరేజ్’గా ఫార్మాట్ చేసుకునే వీలు ఉంది, కొన్ని కంపెనీలు తమ ఫోన్లలో ఆ ఆప్షన్ తీసేశాయనుకోండి. అలా చేస్తే ఫోను కార్డు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి తాళం తన దగ్గరే ఉంచుకుంటుంది. కార్డు తీసి కంప్యూటర్‌లో పెడితే ఏమీ కనిపించదు. ఫోను చచ్చినా, ఫ్యాక్టరీ రీసెట్ చేసినా ఆ తాళం పోయినట్టే, ఏ రికవరీ ప్రోగ్రామూ ఆదుకోదు. ఫోనులో చోటు సరిపోక విలవిలలాడుతున్నవాళ్లకు ఇది ఆశ పుట్టించేదే. నేను మాత్రం ఎవరికీ చెప్పను. యాప్‌లు నడవాలంటే చిన్న చిన్న రాతలు వేగంగా జరగాలి. ఎ1 గుర్తుకు సెకనుకు కనీసం 1500 చదవడాలు, 500 రాయడాలు ఉండాలని లెక్క. ఆ గుర్తున్న నా కార్డు మీద కూడా యాప్‌లు ఫోను సొంత మెమరీలో తెరుచుకున్నంత చురుగ్గా తెరుచుకోలేదు. ఎ2కి ఆ లెక్క 4000, 2000. కానీ ఆ వేగం అందాలంటే పరికరం కూడా దానికి తగ్గది కావాలి. డబ్బా మీద పెద్దక్షరాలతో ఉండే సెకనుకు 100 ఎంబీ అనేది చదివే వేగం. రాసే వేగం తెలియాలంటే యూ3, వీ30 లాంటి చిన్న గుర్తులు చూడాలి, ఆ రెండూ కనీసం 30 ఎంబీ హామీ ఇస్తాయి.

సమస్య వచ్చినప్పుడు ఏం చేయాలన్నది అసలు విషయం. ‘కార్డు పాడైంది, ఫార్మాట్ చేయాలి’ అని ఫోను తెర మీద చూపించగానే వేలు ఆ బటన్ మీదికే పోతుంది. నొక్కొద్దు. ఫోను ఆపి, కార్డు తీసి, కాంటాక్టులు చూడండి. మైక్రోఎస్‌డీ వెనక బంగారు రంగు పట్టీలు ఎనిమిది ఉంటాయి, వాటి మీద వేలి జిడ్డు చాలు కార్డు వచ్చిపోతూ ఉండటానికి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కాస్త తడిపిన నూగు రాలని గుడ్డతో తుడిచి ఆరనిస్తాను. రబ్బరుతో రుద్దమని చాలామంది చెబుతారు గానీ, ఆ పొడి స్లాట్‌లోకి పోతే కొత్త తలనొప్పి. తర్వాత వేరే రీడర్‌లో పెట్టి చూస్తాను. కార్డు మీద వేసిన నిందల్లో చాలావరకు నా దగ్గర రీడర్‌వో, మైక్రోఎస్‌డీని పెద్ద ఎస్‌డీ స్లాట్‌లో పట్టించే అడాప్టర్‌వో అని తేలాయి. అడాప్టర్ పక్కన ఉండే చిన్న ప్లాస్టిక్ జారుడు మీట కిందికి దిగితే కార్డు ‘రైట్ ప్రొటెక్టెడ్’ అంటుంది. మైక్రోఎస్‌డీకి సొంతంగా ఆ మీట ఉండదు. అడాప్టర్ పాతదై మీట వదులైతే స్లాట్‌లోకి తోస్తుండగానే అది తనంతట తానే దిగిపోతుంది. చిన్న టేపు ముక్క అంటించి సరిపెట్టాను.

కంప్యూటర్ కార్డును గుర్తుపట్టినా ఫైళ్లు కనిపించకపోతే ముందు పోయిన ఫైళ్లను వెతికి తీసే ఫోటోరెక్ ప్రోగ్రామ్. ఉచితం, చూడ్డానికి నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో బెదరగొడుతుంది గానీ పని గట్టిగా చేస్తుంది. కార్డు మీద ఏమీ రాయదు, దొరికినవి వేరే డిస్కులో పెట్టాలి. పట్టికను పట్టించుకోకుండా ఫైళ్ల ఆనవాళ్లు వెతుక్కుంటూ పోతుంది కాబట్టి ఫోటోలు వస్తాయి, పేర్లు రావు. వరస నంబర్లతో గుట్టగా పడిన వాటిని సర్దుకోవడం మన పని. విండోస్‌లో డిస్కు తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ నడపడం దీని తర్వాతే, ఎందుకంటే అది పట్టికను సరిచేస్తూ కార్డు మీద రాస్తుంది. దారి తప్పిన ముక్కలను ఒక ఫోల్డర్‌లో పోగేస్తుంది. ఆండ్రాయిడ్‌లో లాస్ట్.డీఐఆర్ అని కనిపించే ఫోల్డర్ కూడా అలాంటిదే.

క్విక్ ఫార్మాట్ పొరపాటున జరిగినా చాలాసార్లు ఫోటోరెక్‌తో రాబట్టవచ్చు, ఎందుకంటే పట్టిక మాత్రమే కొత్తదవుతుంది. కొన్ని పరికరాలు ఫార్మాట్ చేస్తూనే పాత బ్లాకులు చెరిపేయమని కార్డుకు చెబుతాయి, అప్పుడు ఆశ తక్కువ. ఎస్‌డీ ఫార్మాటర్‌లోని ఓవర్‌రైట్ ఫార్మాట్ గానీ, విండోస్‌లో క్విక్ టిక్కు తీసేసి చేసే ఫార్మాట్ గానీ అయితే ఇక మిగిలేదేమీ లేదు.

పట్టిక చెడటానికి నా దగ్గర ఎక్కువగా కనిపించిన కారణం బ్యాటరీ. ఫ్యాట్32కీ ఎక్స్‌ఫ్యాట్‌కీ జర్నల్ (చేయబోయే మార్పులు ముందే రాసుకునే చిట్టా) ఉండదు. రాస్తుండగా కరెంటు ఆగితే రాత ఎక్కడ ఆగిందో వాటికి గుర్తుండదు. గేమ్ పరికరం బ్యాటరీ చివరికొచ్చాక సేవ్ చేయడం, అన్‌మౌంట్ చేయకుండా (తీస్తున్నానని పరికరానికి చెప్పకుండా) కార్డు లాగేయడం, ఈ రెండూ మానేశాక 128 జీబీ కార్డు నుంచి ఫిర్యాదు దాదాపు రాలేదు.

32 జీబీ కార్డు పోయిన తీరు మాత్రం వింతగా ఉంది. ప్లేయర్‌లో కొన్ని పాటలు డిలీట్ చేశాను, పోయాయి. ఆపి మళ్లీ ఆన్ చేస్తే తిరిగొచ్చాయి. కంప్యూటర్‌లో పెట్టి మొత్తం డిలీట్ చేస్తే ఫోల్డర్ ఖాళీ. కార్డు తీసి పెడితే అన్నీ యథాతథం. మామూలు క్విక్ ఫార్మాట్ కూడా ‘పూర్తయింది’ అంది. బయటికి తీసి పెట్టగానే పాత పాటలు, పాత పేరు, పాత ఫోల్డర్లు, ఏమీ జరగనట్టే. కంప్యూటర్ చూపిస్తున్నది తన జ్ఞాపకంలో ఉన్న మార్పులను, కార్డు వాటిని మౌనంగా పారేస్తోంది. ఎస్‌డీ ఫార్మాటర్ ఒక్కటే తనవల్ల కాదని ముఖం మీద చెప్పింది. మెమరీ అరిగిపోయిందని కంట్రోలర్ నిర్ణయించుకున్నప్పుడు రాతను ఆపేసి చదవడానికే వదిలిపెట్టడం ఈ కార్డుల్లో చాలావాటి తీరు. ఒకందుకు ఇది మంచిదే, లోపలున్నవన్నీ నెమ్మదిగా కాపీ చేసుకోగలిగాను. ఈ స్థితి వచ్చాక విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీ మార్చమని, డిస్కులను సర్దే డిస్క్‌పార్ట్‌లో ఏదో కమాండ్ కొట్టమని వచ్చే చిట్కాలతో పొద్దు పుచ్చొద్దు. అడాప్టర్ మీట కారణం కాదని తేలితే, రెండో రీడర్‌లోనూ ఇదే కనిపిస్తే, కార్డు పని అయిపోయినట్టే.

అది వారంటీలో ఉన్నా తిప్పి పంపలేదు. రాయనివ్వని కార్డును చెరపడమూ కుదరదు. పాత ఫోనులో ఉన్నప్పటి ఇంటి ఫోటోలు, స్కాన్ చేసిన కాగితాలు అన్నీ అందులోనే ఉన్నాయి, ఎవరు చదివినా వస్తాయి. కొత్త కార్డు వస్తుందన్న ఆశతో అవన్నీ ఎవరి చేతిలోనో పెట్టడం నాకు నచ్చలేదు. కత్తెరతో అడ్డంగా మూడు ముక్కలు చేసి పారేశాను.