ఇన్‌సైడ్ ఐఆర్35: అంబ్రెల్లానా, సొంత లిమిటెడా?

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ కాంట్రాక్టో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) కాంట్రాక్టో చేతికి రాగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే: అంబ్రెల్లా (మనల్ని ఉద్యోగిగా పెట్టుకుని, కోతలు పోను జీతమిచ్చే మధ్యవర్తి కంపెనీ) ద్వారా చేయాలా, సొంత లిమిటెడ్ కంపెనీ ద్వారానా? ఐఆర్35 అంటే కాంట్రాక్టర్ పని నిజానికి ఉద్యోగం లాంటిదేనా అని చూసే పన్ను నిబంధన; ఉద్యోగం లాంటిదైతే ఇన్‌సైడ్, కాకపోతే అవుట్‌సైడ్. ప్రభుత్వ రంగంలో ఈ స్టేటస్ తేల్చే పని 2017 ఏప్రిల్ 6 నుంచి క్లయింట్‌దే. అవుట్‌సైడ్ అని రాసిచ్చారా, ఇక ఆలోచించేదేముంది, లిమిటెడే. ఇన్‌సైడ్ అన్నప్పుడే తర్జనభర్జన.

ముందు రేటు సంగతి. రోజుకి లిమిటెడ్‌కి చెప్పిన 600 పౌండ్లూ అంబ్రెల్లాకి చెప్పిన 600 పౌండ్లూ ఒకటి కావు. లిమిటెడ్ అయితే యజమాని ఎన్ఐ (జీతంపై యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్) ఏజెన్సీయే (కాంట్రాక్ట్ ఇప్పించే సంస్థ) పైన కట్టుకోవాలి, మీ ఫీజులోంచి కోయకూడదు. అంబ్రెల్లాలో అదంతా మీ రేటులోంచే పోతుంది. ఐదు రోజుల వారానికి 3,000 వస్తుంటే యజమాని ఎన్ఐ సుమారు 375, అప్రెంటిస్‌షిప్ లెవీ (జీతాలపై యజమాని కట్టే మరో పన్ను) 13, అంబ్రెల్లా మార్జిన్ ఓ 20 అనుకుందాం. పేస్లిప్‌లో గ్రాస్ 2,592 దగ్గర తేలుతుంది, అంటే రోజుకి 518. సెలవుల డబ్బు కూడా అందులోనే. మొదటి పేస్లిప్ చూసి గుండె గుభేల్మనేది ఇందుకే. నిజంగా ఒకే రేటు ఇస్తే లిమిటెడే మేలు. కానీ ఏజెన్సీలు తెలివితక్కువవి కావు, ఆ తేడా ముందే తగ్గించి చెప్తాయి. కొన్నయితే ఇన్‌సైడ్‌లో లిమిటెడ్‌కి ఒప్పుకోనే ఒప్పుకోవు.

రేటు తగ్గించాక నా మటుకు మొగ్గు అంబ్రెల్లా వైపే. కారణం పెన్షన్. పై లెక్కన 46 వారాలు చేస్తే గ్రాస్ లక్షా 19 వేలు దాటుతుంది. లక్ష దాటిన దగ్గర్నుంచి 1,25,140 దాకా పర్సనల్ అలవెన్స్ (పన్ను పడని ఆదాయం) కరిగిపోతూ ఉంటుంది కాబట్టి, అక్కడ సంపాదించిన ప్రతి వెయ్యిలో ఇంటికొచ్చేది 380 మాత్రమే. అదే వెయ్యి శాలరీ శాక్రిఫైస్‌లో (జీతంలో కొంత వదులుకుని, దాన్ని యజమాని చేత నేరుగా పెన్షన్‌లో వేయించుకోవడం) పెడితే మొత్తం పెన్షన్‌లోకే వెళ్తుంది. పైగా యజమాని ఎన్ఐ 150 మిగులుతుంది. ఆ మిగులు మీకు ఇస్తారా, వాళ్లే ఉంచుకుంటారా అన్నది చేరకముందే రాతపూర్వకంగా అడగండి. ఇన్‌సైడ్ లిమిటెడ్‌లో సొంతంగా పెన్షన్ కట్టినా ఇన్‌కమ్ ట్యాక్స్ వెనక్కొస్తుంది గానీ ఎన్ఐ రాదు. ఈ ఎన్ఐ లాభాన్ని 2029 ఏప్రిల్ నుంచి ఏడాదికి 2,000 పౌండ్ల శాక్రిఫైస్‌కే పరిమితం చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది కాబట్టి, వాడుకునేవాళ్లు ఈలోపే వాడుకోవాలి.

ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగం? ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్ బాగుంటుంది, జీతం మాత్రం ఆ పోస్టుకున్న బ్యాండ్ (జీతాల శ్రేణి) దాటదు.

పాత లిమిటెడ్‌ని మాత్రం తొందరపడి మూసేయకండి. డోర్మెంట్‌గా (లావాదేవీలు లేకుండా) ఉంచి, ఏటా కంపెనీస్ హౌస్‌కి (కంపెనీల రిజిస్ట్రార్) అకౌంట్స్, కన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్ పంపుతూ ఉంటే తర్వాతి అవుట్‌సైడ్ కాంట్రాక్ట్‌కి పనికొస్తుంది.