లెమాన్స్ 24 గంటలు: తొమ్మిదేళ్లు వాడాక నా రివ్యూ

లెమాన్స్ అంటే ఫ్రాన్స్‌లో ఏటా జరిగే కార్ల రేసు, 24 గంటల్లో ఎవరు ఎక్కువ దూరం తోలితే వాళ్లదే గెలుపు. ఫోన్‌కో మిక్సీకో రాసినట్టు ఒక రేసుకి రివ్యూ ఏంటి అనుకుంటారేమో, 2016 జూన్ నుంచి వాడుతున్నా కాబట్టి రాయొచ్చు అనుకుంటున్నా. వాడటం అనే అంటా, ఎందుకంటే 24 గంటల రేసుని కూర్చుని చూడటం ఎవరివల్లా కాదు, ఇంట్లో ఫ్రిజ్ లాగా అదలా నడుస్తూ ఉంటుంది, మనం వెళ్లి మధ్యమధ్యలో డోర్ తీసి చూసొస్తాం.

అప్పటిదాకా నాకు ఫార్ములా వన్ ఒక్కటే తెలుసు. ఆ ఆదివారం సాయంత్రం ఊరికే లెమాన్స్ చివరి గంట పెట్టా. టయోటా ఐదో నంబర్ బండి ముందుంది, అప్పటిదాకా ఆ కంపెనీ అక్కడ ఒక్కసారి కూడా గెలవలేదట, గ్యారేజీలో అందరూ లేచి నిలబడ్డారు. ఇంకో కొన్ని నిమిషాలే ఉన్నాయనగా డ్రైవర్ నకజిమా రేడియోలో పవర్ లేదు పవర్ లేదు అంటున్నాడు. బండి మెల్లగా స్టార్ట్ లైన్ దాటి ఆగిపోయింది, పక్క నుంచి పోర్షే వెళ్లిపోయింది, గెలిచింది. ఇంకా దారుణం ఏంటంటే ఆ బండి మళ్లీ స్టార్ట్ అయి రౌండ్ పూర్తి చేసింది కూడా, కానీ చివరి రౌండ్‌కి ఆరు నిమిషాల కన్నా ఎక్కువ పట్టిందని రూల్ ప్రకారం రిజల్ట్‌లోనే లెక్కపెట్టలేదు. రెండో స్థానం కూడా లేదు! నాకు ఆ టీమ్‌తో ఏ సంబంధం లేదు, అయినా ఆ రాత్రి అన్నం సహించలేదు. అలా మొదలైంది.

మనకి టైమింగ్ మాత్రం బాగా కుదిరింది. ఇప్పుడు అక్కడ శనివారం సాయంత్రం 4కి స్టార్ట్, అంటే మనకి ఏడున్నర, సరిగ్గా మా అమ్మ సీరియల్ టైమ్. రిమోట్ గొడవ ప్రతి ఏడాదీ ఉంటుంది. మనకి అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర అయ్యాక గానీ అక్కడ చీకటి పడదు, మనం ఆదివారం పొద్దున ఇడ్లీ తింటుంటే అక్కడ తెల్లవారుతుంది. రాత్రంతా నడిచిన బండ్లు, ముందంతా చచ్చిన పురుగులు, బ్రేకుల నల్లపొడి, ఆ పొద్దుటి లేత ఎండలో అలా కనిపిస్తుంటే ఆ అరగంట కోసమే నేను ఇదంతా చూస్తున్నానా అనిపిస్తుంది. అమ్మ కాఫీ పట్టుకొచ్చి "ఏరా, నిన్నటి కార్లేనా ఇవి, ఇంకా చేరలేదా వీళ్లు?" అంది ఒకసారి. ఏం చెప్తాం.

కొత్తవాళ్లకి తికమక పెట్టేది క్లాసులు. సుమారు 60 బండ్లు ఒకేసారి ట్రాక్ మీద, పైన అన్నిటికన్నా వేగమైన హైపర్‌కార్లు, మధ్యలో రేసు కోసమే కట్టిన ఎల్ఎంపీ2, కింద రోడ్డు మీది స్పోర్ట్స్ కార్లనే రేసుకి మార్చిన జీటీ3, ఎవరి క్లాసులో వాళ్లకి పోటీ. జీటీ3లో ప్రతి బండికీ ఒక అమెచ్యూర్ డ్రైవర్ ఉండాల్సిందే, అంటే ప్రపంచంలో బెస్ట్ డ్రైవర్లు రాత్రి 2 గంటలకి ఏదో బిజినెస్‌మ్యాన్‌ని తప్పించుకుంటూ పోవాలన్నమాట. బండికి ముగ్గురు డ్రైవర్లు, 13.6 కిలోమీటర్ల రౌండ్, హైపర్‌కార్‌కి పెట్రోల్ ముప్పావుగంట వస్తుంది. పిట్‌లో, అంటే పెట్రోల్‌కీ టైర్లకీ బండి ఆపే చోట, ఫార్ములా వన్ లాగా రెండు సెకన్ల పని కాదు: ఇంజన్ ఆపుతారు, పెట్రోల్ పూర్తిగా పట్టాకే టైర్లు ముట్టుకోవాలి, ఈలోగా దిగిన డ్రైవరే ఎక్కినవాడికి బెల్టులు బిగిస్తాడు. నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. తన సీటు తనే ఇంకొకడికి సర్దిచ్చి వెళ్లడం.

మైనస్‌లు చెప్పాలి కదా. ఒకటి, బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ అని బండ్ల బరువూ పవరూ నిర్వాహకులే సర్దుతారు, దీనివల్ల పోటీ దగ్గరగా ఉంటుంది నిజమే, కానీ ఎవరు గెలిచినా తూకం ఎటు మొగ్గిందో అనే అనుమానం ఒకటి మిగులుతుంది. రెండు, వర్షం. 2024లో నేను టిఫిన్ తిని, స్నానం చేసి, చికెన్ షాపులో లైన్లో నిలబడి అరకిలో తెచ్చుకునేసరికి కూడా ఇంకా సేఫ్టీ కార్ (ప్రమాదం లేకుండా అందర్నీ మెల్లగా నడిపించే బండి) వెనకే తిరుగుతున్నారు, నాలుగు గంటలకు పైనే. కానీ అదే రేసులో చివర్లో ముందున్న 50వ నంబర్ ఫెరారీ డోర్ ఊడినట్టు కొట్టుకుంటుంటే పిట్‌కి పిలిచి మూయించారు, అయినా 14 సెకన్ల తేడాతో గెలిచింది. 24 గంటలకి 14 సెకన్లు! మూడు, డబ్బులు కట్టి చూడాలి. ఫ్రీగా కావాలంటే ఇలాంటి 24 గంటల రేసులే, నూర్బర్గ్‌రింగ్ 24, స్పా 24 యూట్యూబ్‌లో ఇంగ్లిష్ కామెంటరీతో వస్తాయి, మొదట వాటితో మొదలుపెట్టినా తప్పు లేదు.

మన దేశం నుంచి రేసర్ కరుణ్ చందోక్ 2012లో అక్కడ నడిపాడు, ఆరో ప్లేస్. ఇంకోటి, 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ (కరెంటు కార్ల రేసు) గెలిచిన డ్రైవర్ వెర్న్ ఉన్నాడే, అదే జూన్‌లో లెమాన్స్‌లో ప్యూజో తోలుతూ కనిపించాడు, వెనక రెక్క లేని ఆ విచిత్రమైన బండి. మనూరికి వచ్చిపోయిన చుట్టం టీవీలో కనిపించినట్టు అయింది.

ఎక్కువకాలం వాడితేనే బయటపడే ఫీచర్ ఒకటుంది. 2021లో ఎల్ఎంపీ2 క్లాసులో కుబిత్సా, యే యిఫేయ్, డెలెట్రా బండి ముందుంది, ఆఖరి రౌండ్‌లో, అవును ఆఖరి రౌండ్‌లోనే, ఆగిపోయింది. అప్పుడు స్టీరింగ్ యే చేతిలో ఉంది. కుబిత్సా అంటే 2011లో ర్యాలీ యాక్సిడెంట్‌లో కుడిచెయ్యి నుజ్జయిన మనిషి, ఎక్కువ ఎడంచేత్తోనే తోలతాడు. ఆ రోజు నేను టీవీ కట్టేసి బయటికెళ్లిపోయా. నాలుగేళ్ల తర్వాత, 2025 జూన్‌లో, అదే కుబిత్సా అదే యే, ఇంకొకతను హాన్సన్, పసుపు రంగు ఫెరారీ 83. చివర్లో వరసగా కుబిత్సానే నడిపాడు. వెనక పోర్షే. 2016, 2021 రెండూ గుర్తొచ్చి నేను కుర్చీలో కూర్చోలేకపోయా, అమ్మకి కథంతా చెప్పా, ఆవిడ కూడా వచ్చి కూర్చుంది. మళ్లీ 14 సెకన్లే తేడా. జెండా ఊపారు.

"ఆ చెయ్యి దెబ్బ తగిలినాయనేనా గెలిచింది?" అంది. అవునన్నా. "పోన్లే పాపం. ఇక రిమోట్ ఇటివ్వు."