టీవీకి లాన్ కేబులా, వైఫైనా, యూఎస్‌బీ అడాప్టరా: ఏది మేలు?

వైఫై కంటే కేబుల్ ఎప్పుడైనా వేగమే అని చాలామంది నమ్మకం. రూటర్ నుంచి టీవీ దాకా మంచి కేబుల్ లాగేసి, ఇక బఫరింగ్ బాధ తీరినట్టే అనుకుంటారు. టీవీ వెనక ఉన్న లాన్ పోర్టు స్పీడ్ ఎంతో మాత్రం చూసుకోరు. ఖరీదైన 4కె టీవీల్లో కూడా చాలావాటికి అది 100 ఎంబీపీఎస్ పోర్టే. అందులో నికరంగా దక్కేది 94, 95. అదే టీవీ 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద, రూటర్ దగ్గరగా ఉంటే, 200 పైనే అందుకోగలదు. కేబుల్ పీకేస్తే స్పీడ్ పెరగడమనే వింత ఇలాగే జరుగుతుంది.

అయితే ఆ 100 అందరికీ తక్కువేం కాదు. 4కె కోసం నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్ మాత్రమే. మీరు చూసేది ఓటీటీ యాప్‌లే అయితే టీవీ లాన్ పోర్టుకే కేబుల్ పెట్టి ఊరుకోండి. అడాప్టర్లూ బాక్సులూ కొనడం డబ్బు దండగ. కేబుల్ పెట్టాక కూడా ఓటీటీ ఆగుతోందంటే తప్పు పోర్టుది కాదు, ఇంటర్నెట్ కనెక్షన్‌నో ఆ యాప్‌నో అనుమానించాలి.

అసలు చిక్కు సొంత లైబ్రరీ ఉన్నవాళ్లది. బ్లూరే డిస్కుల నుంచి తీసిన సినిమాలను నాస్‌లోనో (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజ్ పెట్టె) పాత కంప్యూటర్‌లోనో పెట్టుకుని ప్లెక్స్, జెల్లీఫిన్, కోడీ లాంటి యాప్‌లతో టీవీలో చూసేవాళ్లు. 4కె బ్లూరేలో డేటా గరిష్ఠంగా 128 ఎంబీపీఎస్ దాకా వెళ్లొచ్చు. రెండు గంటల సినిమా ఫైలు 70 జీబీ ఉందనుకోండి, సగటున 78 ఎంబీపీఎస్ పడుతుంది. 94లో ఇమిడిపోయిందిగా అనిపిస్తుంది, కానీ సగటును నమ్ముకుంటే దెబ్బతింటాం. మాటల సీన్లలో 50కి దిగిన డేటా, పోరాటాలూ వర్షం సీన్లూ వచ్చేసరికి 100 దాటేస్తుంది. ప్లేయర్ ముందుగా దాచుకున్న బఫర్ కాసేపు కాపాడుతుంది. అదీ అయిపోతే సరిగ్గా క్లైమాక్స్‌లోనే తెర మీద చక్రం తిరుగుతుంది. ఇలాంటివాళ్లకు మూడు దారులున్నాయి.

మొదటిది, ఖర్చు లేనిది, వైఫై. రూటరూ టీవీ ఒకే గదిలో ఉంటే ముందు ఇదే ప్రయత్నించండి. నెట్‌వర్క్ పేరు 5 గిగాహెర్ట్జ్‌దో కాదో చూసుకోండి, 2.4 మీద అయితే ఆశలు పెట్టుకోవద్దు. గోడలు అడ్డొస్తే స్పీడ్ పడిపోతుంది. ఇంట్లో ఎవరైనా పెద్ద డౌన్‌లోడ్ పెట్టినా, పక్కింటి రూటర్ అదే చానల్‌లో ఉన్నా అంతే. పొద్దున బాగా ఆడిన సినిమా రాత్రి ఆగుతుంటే కారణం చాలావరకు ఇదే.

రెండోది, టీవీ యూఎస్‌బీ పోర్టుకు తగిలించే గిగాబిట్ (అంటే 1000 ఎంబీపీఎస్) లాన్ అడాప్టర్. నా ఓటు దీనికే. యూఎస్‌బీ 2.0 పోర్టు 480 ఎంబీపీఎస్ అని కాగితం మీద ఉంటుంది, వాడకంలో 300 చిల్లర రావచ్చు. 128 గరిష్ఠమైన పనికి అది ధారాళం. 3.0 పోర్టు ఉంటే 900 కూడా దాటుతుంది. ఒకటే మెలిక: ఆ అడాప్టర్ చిప్‌కు డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) టీవీలోనే ఉండాలి, మనం ఎక్కించేది కాదు. ఆండ్రాయిడ్ టీవీల్లో రియల్‌టెక్ ఆర్‌టీఎల్8153, ఏసిక్స్ ఏఎక్స్88179 చిప్‌లకు అవకాశం ఎక్కువ. అయినా మీ మోడల్‌తో పనిచేసినట్టు ఎవరైనా చెప్పారేమో వెతికి, వాపసు తీసుకునే చోటే కొనండి. ఫైర్ టీవీ స్టిక్ కోసం అమెజాన్ అమ్మే ఈథర్‌నెట్ అడాప్టర్ 100దే అని మర్చిపోవద్దు.

మూడోది టీవీకి తగిలించే, గిగాబిట్ పోర్టున్న స్ట్రీమింగ్ బాక్స్. ఎన్విడియా షీల్డ్‌కు అది ఉంది. 2022 యాపిల్ టీవీ 4కెలో 128 జీబీ మోడల్‌కు ఉంది, 64 జీబీ మోడల్‌కు అసలు పోర్టే లేదు. ఖర్చు ఎక్కువ కాబట్టి నెట్‌వర్క్ కోసమే అయితే కొనమని చెప్పను. టీవీ సాఫ్ట్‌వేరే నత్తనడక నడుస్తుంటే మాత్రం ఒకే దెబ్బకు రెండు పిట్టలు.

కేబుల్ లాగే వీల్లేని ఇంట్లో కరెంటు వైర్ల మీద నడిచే పవర్‌లైన్ అడాప్టర్లున్నాయి. పెట్టె మీద 1000, 2000 అని ఉన్నా వచ్చేది అందులో చిన్న ముక్కే. అంతకంటే వైఫై నయం.

ఏ దారి ఎంచుకున్నా మధ్యలో ఉన్నవన్నీ గిగాబిట్‌వే కావాలి. చవక రూటర్లలో లాన్ పోర్టులు కూడా 100వే ఉంటాయి. కేబుల్ క్యాట్5ఈ రకం చాలు, 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. పై రకమైన క్యాట్8 కొంటే పిక్చర్ బాగుపడదు. కాకపోతే గిగాబిట్‌కు కేబుల్‌లోని ఎనిమిది తీగలూ పనిచేయాలి, 100కు నాలుగు చాలు. కనెక్టర్‌లో ఒక తీగ సరిగా కూర్చోకపోయినా చాలాసార్లు లింకు చడీచప్పుడూ లేకుండా 100కు దిగిపోతుంది. రూటర్ సెట్టింగ్స్‌లో ఆ పోర్టు లింక్ స్పీడ్ చూస్తే బయటపడుతుంది.

మార్చాక టీవీలో ఇంటర్నెట్ స్పీడ్ టెస్ట్ పెట్టి నిర్ణయించొద్దు. మీ ప్లాన్ 50 అయితే అది 50 దగ్గరే ఆగుతుంది, ఇంట్లో లైను ఎంత మోస్తుందో చెప్పదు. జెల్లీఫిష్ పేరుతో రకరకాల బిట్‌రేట్లలో (సెకనుకు పట్టే డేటా) టెస్ట్ వీడియోలు దొరుకుతాయి. 120 ఎంబీపీఎస్‌ది నాస్‌లో వేసి ఆడించండి. ఆగకుండా ఆడితే పని అయిపోయినట్టే.