ట్యాబ్‌కి నెట్ ఎలా ఇవ్వాలి: హాట్‌స్పాటా, వైరా, బ్లూటూతా, విడిగా సిమ్మా?

ట్యాబ్ కొనడానికి వెళ్లినప్పుడు షాపులో మనం అడిగేవన్నీ స్క్రీన్ ఎంత, ర్యామ్ ఎంత, చార్జింగ్ ఎంతసేపు ఆగుతుంది అనే. వైఫై మోడలా, సిమ్ పెట్టుకునే మోడలా అన్న దగ్గరికి వచ్చేసరికి "ఫోన్ ఉంది కదా, హాట్‌స్పాట్ పెట్టుకుందాంలే" అనేసి తక్కువ రేటుది పట్టుకొచ్చేస్తాం. చాలా ఇళ్లకి అది సరైన నిర్ణయమే. కాకపోతే ఆ మాట అనే ముందు ఒకటి చూసుకోవాలి. ట్యాబ్‌కి నెట్ కావాల్సిన టైమ్‌కి ఆ ఫోన్ ఎక్కడుంటుంది?

సాయంత్రం ఆరింటికి పాపకి ఆన్‌లైన్ ట్యూషన్ అనుకోండి. వాళ్ల నాన్న ఎనిమిదింటికి గానీ ఇంటికి రాడు. వాళ్లమ్మ ఫోన్‌లో రోజుకి ఒకటిన్నర జీబీ ప్లాన్, అందులో సగం మధ్యాహ్నానికే అయిపోయి ఉంటుంది. ఇలాంటి ఇంట్లో ఏ పద్ధతికి ఎంత స్పీడో లెక్కలు వేసి లాభం లేదు. ఫోన్ ఇంట్లో ఉంటుందా లేదా అన్నది మొదట తేలాలి, రోజుకి డేటా ఎంత మిగులుతుందన్నది ఆ తర్వాత. స్పీడ్ మూడో విషయం.

వైఫై హాట్‌స్పాట్

అందరికీ తెలిసిందీ, అందరూ వాడేదీ ఇదే. వైరు అక్కర్లేదు, ఒకసారి పాస్‌వర్డ్ కొడితే మళ్లీ అడగదు, ఫోన్ హాల్లో ఉన్నా ట్యాబ్ పడగ్గదిలో పనిచేస్తుంది. ఐఫోన్, ఐప్యాడ్ ఒకే యాపిల్ ఖాతాలో ఉంటే ఫోన్ జేబులోంచి తీయకుండానే ఐప్యాడ్‌లో ఫోన్ పేరు నొక్కి నెట్ తెచ్చుకోవచ్చు. సామ్‌సంగ్ ఫోన్‌కీ ట్యాబ్‌కీ కూడా ఒకే ఖాతా మీద ఇలాంటి సౌకర్యం ఉంది. ఐఫోన్ నుంచి వేరే కంపెనీ ట్యాబ్‌కి ఇస్తున్నప్పుడు మాత్రం, కనెక్ట్ అయ్యేదాకా ఫోన్‌లో పర్సనల్ హాట్‌స్పాట్ స్క్రీన్ తెరిచే ఉంచాలి. లేకపోతే ట్యాబ్‌లో పేరే కనిపించకపోవచ్చు.

పేరు కనిపించకపోవడానికి ఇంకో కారణం బ్యాండ్, అంటే వైఫై సిగ్నల్ నడిచే దారి. హాట్‌స్పాట్ 2.4 గిగాహెర్ట్జ్ మీదైనా, 5 గిగాహెర్ట్జ్ మీదైనా నడుస్తుంది. 5 వేగంగా ఉంటుంది కానీ గోడ అడ్డొస్తే నీరసపడుతుంది. పైగా చవక ట్యాబ్‌లు కొన్నింటికి అది అసలు కనపడదు. 2.4 దూరం పోతుంది, గోడలు దాటుతుంది. కానీ అపార్టుమెంట్లో చుట్టుపక్కల రూటర్లన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి రద్దీ ఎక్కువ. ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ సెట్టింగుల్లోనే బ్యాండ్ మార్చుకోవచ్చు. ఐఫోన్ 12, ఆ తర్వాత వచ్చిన వాటిలో 'మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' అని ఒక స్విచ్ ఉంటుంది. అది ఆన్ చేస్తే 2.4కి దిగుతుంది. ఫోన్, ట్యాబ్ ఒకే గదిలో ఉంటే 5, వేరే గదిలో ఉంటే 2.4. ఇంతకంటే బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

హాట్‌స్పాట్‌తో అసలు గొడవ డేటా దగ్గర వస్తుంది. ఫోన్‌లో చూసినంతసేపే ట్యాబ్‌లోనూ చూశాం, ఇంత డేటా ఎలా అయిపోయిందని చాలామంది ఆశ్చర్యపోతుంటారు. క్వాలిటీని ఆటోలో వదిలేస్తే పెద్ద స్క్రీన్‌కి తగ్గట్టు యాప్ పెద్ద వీడియోనే తెస్తుంది. ఫోన్‌లో 480తో సరిపెట్టుకున్నది ట్యాబ్‌లో 720కో 1080కో ఎక్కుతుంది. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం మామూలు క్వాలిటీకి గంటకి 1 జీబీ దాకా, హెచ్‌డీకి 3 జీబీ దాకా పోతుంది. జూమ్‌లో పదిమంది కలిసిన క్లాసుకి గంటకి 810 ఎంబీ నుంచి 2.4 జీబీ. రోజుకి 2 జీబీ ప్లాన్ మీద ఒక హెచ్‌డీ సినిమా సగంలోనే ఆగిపోతుంది. డేటా అయిపోయాక చాలా ప్రీపెయిడ్ ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ వేగంలో ఒక్క ఎంబీ దిగడానికి రెండు నిమిషాలు పడుతుంది. నెట్ ఉన్నట్టే ఉంటుంది, పని జరగదు.

ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి ఆండ్రాయిడ్ ట్యాబ్‌కి ఇస్తే, ఇది కొలిచి వాడుకోవాల్సిన నెట్ అని ట్యాబ్ మామూలుగా తనంతట తానే గుర్తుపట్టి, పెద్ద అప్‌డేట్‌లు ఆపుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఐప్యాడ్ కలిపినప్పుడు ఆ జాగ్రత్త మనమే తీసుకోవాలి. వైఫైలో ఆ హాట్‌స్పాట్ పేరు పక్కనున్న గుర్తు నొక్కి 'లో డేటా మోడ్' ఆన్ చేయండి. లేకపోతే ఇంటి బ్రాడ్‌బ్యాండ్ దొరికిందనుకుని ఫోటోల బ్యాకప్పూ, యాప్‌ల అప్‌డేట్లూ మొదలుపెట్టేస్తుంది.

క్లాసు మధ్యలో కాల్ వచ్చినప్పుడు నెట్ ఆగిపోవడం ఇంకో తలనొప్పి. డేటా ఉన్న సిమ్‌కే కాల్ వస్తే, వోల్టీ (4జీ మీదే కాల్ నడిచే పద్ధతి) ఆన్‌లో ఉన్నంతవరకు నెట్ ఆగదు. కాల్ రెండో సిమ్‌కి వస్తేనే చిక్కు. రెండు సిమ్‌ల ఫోన్లలో ఎక్కువ వాటికి ఒక సిమ్ మీద మాట్లాడుతుంటే రెండో సిమ్ డేటా నిలిచిపోతుంది. ఇక్కడ నాన్న "హలో" అనగానే అక్కడ టీచర్ బొమ్మ నోరు తెరిచినట్టే ఆగిపోతుంది. పిల్లలు సైగలు చేస్తుంటారు, ఈయనకి అర్థం కాదు. కాల్ నడుస్తున్నప్పుడు డేటాని ఆ సిమ్‌కే మార్చే సెట్టింగ్ చాలా ఫోన్లలో ఉంది. ఐఫోన్‌లో 'అలౌ సెల్యులర్ డేటా స్విచింగ్' అంటారు. అది ఆన్ చేసి, రెండో సిమ్‌లోనూ డేటా ఉండేలా చూసుకుంటే ఈ బాధ తప్పుతుంది.

వేడి మాట కూడా చెప్పాలి. హాట్‌స్పాట్ పెట్టిన ఫోన్ ఒకపక్క టవర్‌తో, ఇంకోపక్క ట్యాబ్‌తో మాట్లాడుతూనే ఉంటుంది. సిగ్నల్ తక్కువుంటే టవర్‌ని అందుకోవడానికి ఇంకా కష్టపడుతుంది, బ్యాటరీ అలాగే కరిగిపోతుంది. దానికి తోడు చార్జింగ్ కూడా పెట్టి, సిగ్నల్ కోసమని కిటికీలో ఎండకి పెట్టేవాళ్లున్నారు. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని యాపిల్ కంపెనీయే చెబుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఆ మాట వింటే నవ్వొస్తుంది. ఫోన్ కవర్ తీసి, నీడన, ఫ్యాన్ గాలి తగిలేచోట పెట్టడం తప్ప మనం చేయగలిగింది లేదు.

వైరు, అంటే యూఎస్‌బీ టెథరింగ్

ఫోన్‌నీ ట్యాబ్‌నీ కేబుల్‌తో కలిపి, ఫోన్ నెట్‌ని ట్యాబ్‌కి ఇవ్వడమే ఇది. దీన్ని ల్యాప్‌టాప్‌కే అనుకుని ట్యాబ్‌కి ఎవరూ వాడరు. గంటల తరబడి క్లాసులు వినే పిల్లలున్న ఇంట్లో, ఫోన్ పక్కనే పెట్టుకునే వీలుంటే, నేను హాట్‌స్పాట్ కంటే దీనికే ఓటు వేస్తాను. ఫోన్‌లో వైఫై ప్రసారం ఉండదు కాబట్టి ఆ మేరకు వేడీ ఖర్చూ తగ్గుతాయి. పక్కింటి రూటర్ల గోల ఉండదు, మధ్యలో తెగిపోదు.

పని చేయించడంలోనే కొంచెం మెలిక ఉంది. మొదట కేబుల్. చవక చార్జర్లతో వచ్చే కేబుళ్లలో కొన్నింటికి కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. వాటితో ఫోన్ చార్జ్ అవుతుంది గానీ టెథరింగ్ ఆప్షన్ వెలగదు. కేబుల్ మంచిదే అయినా, రెండువైపులా టైప్ సీ ఉన్నప్పుడు ఎవరు ఎవరికి కరెంటు ఇవ్వాలో, ఎవరు పెద్దరికం చేయాలో ఫోనూ ట్యాబూ తమలో తామే తేల్చుకుంటాయి. ఒక్కోసారి తిరగబడుతుంది, ట్యాబే ఫోన్ బ్యాటరీని తాగేస్తుంటుంది. టెథరింగ్ నడవాలంటే ట్యాబ్ చేతిలో నియంత్రణ ఉండాలి. కేబుల్ పెట్టగానే పైనుంచి నోటిఫికేషన్లు కిందికి లాగి, యూఎస్‌బీ అని ఉన్నదాన్ని నొక్కితే, నియంత్రణ ఈ పరికరానిదా, అవతలిదా అని అడుగుతుంది. ట్యాబ్‌లో 'ఈ పరికరం' అని పెట్టండి. తర్వాత ఫోన్‌లో హాట్‌స్పాట్, టెథరింగ్ పేజీకి వెళ్లి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ట్యాబ్ పైన వైఫై గుర్తు స్థానంలో రెండు కోణాల మధ్య మూడు చుక్కలున్న గుర్తు వస్తే నెట్ ఎక్కినట్టే.

ఇది అన్ని ట్యాబ్‌లలోనూ నడుస్తుందన్న హామీ లేదు. కొనేముందు మీ ఫోన్, మీ కేబుల్ పట్టుకెళ్లి షాపులోనే పెట్టి చూడండి, రెండు నిమిషాల పని. ఆండ్రాయిడ్ ఫోన్, ఐప్యాడ్ జంటకైతే దీని మీద ఆశ పెట్టుకోవద్దు, హాట్‌స్పాటే వాడండి.

బ్లూటూత్

బ్యాటరీ తక్కువ తింటుందన్న ఒక్క సుగుణం ఉంది. వేగం ఎంత బాగున్నా 2 ఎంబీపీఎస్ అటూ ఇటూ. వంద ఎంబీల ఫైల్ దించడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. నా ఫోన్‌లో బ్లూటూత్ 5 ఉంది కదా అంటారేమో. అందులో పెరిగిన వేగం వాచీలు, సెన్సర్ల లాంటి తక్కువ కరెంటు వస్తువుల కోసం. టెథరింగ్ ఇంకా పాత దారిలోనే నడుస్తుంది. రైల్లో చార్జింగ్ 15 శాతానికి వచ్చి, ట్యాబ్‌లో మెయిల్ ఒకటి పంపాల్సి వస్తే దీన్ని గుర్తు తెచ్చుకోండి. వీడియోకి మాత్రం వద్దు.

ట్యాబ్‌లోనే సిమ్

నాన్న ఫోన్‌తో పనిలేదు, అమ్మ ఫోన్ చార్జింగ్‌తో పనిలేదు. ఫోన్ మనిషితో బయటికి పోయే ఇంట్లో దీనికి పోటీ లేదు. ఫీల్డ్ మీద తిరిగేవాళ్లకి, అంటే సర్వేలు చేసేవాళ్లకి, మెడికల్ రెప్‌లకి కూడా ఇదే నయం. ఐప్యాడ్ కొనేవాళ్లు ఒకటి గమనించాలి. వైఫై ఐప్యాడ్‌లలో జీపీఎస్ ఉండదు, సెల్యులర్ మోడళ్లలోనే ఉంటుంది. కారులో మ్యాప్ కోసం కొంటుంటే ఈ తేడా చాలా పెద్దది. ఆండ్రాయిడ్ వైఫై ట్యాబ్‌లలో చాలావాటికి జీపీఎస్ ఉంటుంది, అయినా స్పెసిఫికేషన్లలో ఆ పదం ఉందో లేదో చూసుకోండి. ఇంకో సంగతి, సెల్యులర్ ఐప్యాడ్‌లో సిమ్ వేసినా అది ఫోన్‌లా మామూలు కాల్స్ చేయదు.

నొప్పల్లా డబ్బు దగ్గరే. మోడల్ రేటు ఎక్కువ, ఆపైన రీచార్జి. 28 రోజుల ప్లాన్ అంటే నెలకి ఒకటి అనుకుంటాం గానీ, ఏడాదికి 13 అవుతాయి. బేస్ ప్లాన్ (సిమ్‌ని నడిపే అసలు రీచార్జి) లేకుండా డేటా ప్యాక్ ఒక్కటే వేసి నడిపిద్దామంటే చాలాచోట్ల కుదరదు. వేసవి సెలవుల్లో ట్యాబ్ బీరువాలో ఉన్నా సిమ్ బతికుండాలంటే డబ్బు కడుతూనే ఉండాలి. ఇంట్లో పోస్ట్‌పెయిడ్ ఉంటే దానికే ఇంకో సిమ్ కలిపే ఫ్యామిలీ ప్లాన్ అడగండి, సాధారణంగా విడి ప్రీపెయిడ్ కంటే కలిసొస్తుంది.

5జీ విషయంలో హాట్‌స్పాట్‌కి ఒక ఆధిక్యం ఉంది. చవక సిమ్ ట్యాబ్‌లు చాలావరకు 4జీవే, వాటిలో వాడింది రోజువారీ కోటాలోంచే పోతుంది. 5జీ ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇస్తే వైఫై ట్యాబ్ కూడా 5జీ మీదే నడిచినట్టు. 2024 జూలైలో రేట్లు పెరిగాక అపరిమిత 5జీని పెద్ద కంపెనీలు రోజుకి 2 జీబీ, ఆపై ప్లాన్లకే ఉంచాయి. ఆ షరతుల్లో హాట్‌స్పాట్ గురించి ఏం రాశారో రీచార్జికి ముందు యాప్‌లో చదువుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది కొత్త కాదు. అక్కడ చాలా ప్లాన్లలో ఫోన్ డేటా అపరిమితమైనా, హాట్‌స్పాట్‌కి విడిగా హద్దు పెడతారు.

సిమ్ వేసుకునే పాకెట్ రౌటర్ అని ఇంకోటి ఉంది. ఇంట్లో మూడు నాలుగు పరికరాలుండి, బ్రాడ్‌బ్యాండ్ రాని ఊరైతే తప్ప, ఒక్క ట్యాబ్ కోసం చార్జింగ్ పెట్టాల్సిన వస్తువు మరొకటి తెచ్చుకోవడం దేనికి?

అసలు ట్యాబ్‌కి ఎప్పుడూ నెట్ ఉండాలా అని కూడా ఆలోచించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు, నెట్ లేకపోయినా చూసుకునేలా. ఇంట్లో మనమూ అదే పని చేసుకోవచ్చు. నాన్న రాత్రి ఇంటికి వచ్చాక, కోటాలో మిగిలిన డేటాతో హాట్‌స్పాట్ పెట్టి రేపటి వీడియోలు డౌన్‌లోడ్ చేసి ఉంచితే, రికార్డయిన పాఠాలకి పగలు ఎవరి ఫోనూ అక్కర్లేదు. లైవ్ క్లాసులకే ఇది పనికిరాదు.

కాబట్టి కొనబోయేవాళ్లకి నా సలహా ఇది. ఫోన్ ఇంట్లోనే ఉంటుంది, రోజుకి గంటకి మించి వాడరు అంటే వైఫై మోడల్, హాట్‌స్పాట్. ఫోన్ ఉంటుంది కానీ వరసగా మూడు నాలుగు గంటల క్లాసులంటే అదే వైఫై మోడల్, డేటా తీగలున్న మంచి టైప్ సీ కేబుల్. ఫోన్ బయటికి పోతుంది, క్లాసులు లైవ్‌లో ఉంటాయి అంటే డబ్బుకి చూసుకోకుండా సిమ్ మోడల్. సిమ్ ఏ కంపెనీదన్నది మాత్రం షాపువాడిని అడగొద్దు. ట్యాబ్ పెట్టే గదిలో, క్లాసు జరిగే టైమ్‌కి, ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ తెచ్చి ఒక్కోదానిలో అదే వీడియో ఆడించి చూడండి. ఏది ఆగకుండా ఆడితే ఆ కంపెనీ సిమ్మే తీసుకోండి.